కల్యాణ పందిట్లో డిజిటల్ మిక్సర్

లైవ్ సౌండ్‌కు డిజిటల్ మిక్సర్ కొనాలన్నా, అద్దెకు తేవాలన్నా ముందుగా వినపడే ప్రశ్న ఛానళ్లు ఎన్నని. పదహారా, ముప్పై రెండా, అరవై నాలుగా? సినిమా పాటల ఆర్కెస్ట్రాకు ఆ ప్రశ్న సరిపోతుంది. గుడి ఉత్సవానికి సరిపోదు. కడప జిల్లా ఒంటిమిట్టలో కోదండరాముడి కల్యాణాన్ని చూస్తే కారణం తెలుస్తుంది. ఊరూరా రాములవారి పెళ్లి నవమి నాటి పట్టపగలు జరిగితే ఇక్కడ చతుర్దశి రాత్రి, వెన్నెల్లో జరుగుతుంది. రాష్ట్ర విభజన తర్వాత 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర ఉత్సవంగా జరుపుతోంది. ఆలయం తిరుమల తిరుపతి దేవస్థానం చేతికి వచ్చిందీ ఆ ఏడే. అప్పటిదాకా గుడి చుట్టుపక్కల సరిపోయిన జనం ఇప్పుడు పెద్ద మైదానం, కల్యాణవేదిక, వరసగా పందిళ్లు ఉంటేగాని పట్టడం లేదు.

ఇలాంటి వేదిక మీద మైకులు లెక్కపెడితే మరీ ఎక్కువేమీ తేలవు. ప్రధాన అర్చకుడికి ఒకటి, సహాయకులకు రెండు మూడు, వేదపండితుల వరసకు నాలుగు, వ్యాఖ్యాతలకు రెండు, నాదస్వరాలకు, డోళ్లకు కలిపి ఆరు, కీర్తనలు పాడేవారికి, వారి పక్కవాద్యాలకు మరో ఎనిమిది. పాతిక, ముప్పై దగ్గర లెక్క ఆగిపోతుంది. బయటికి పోయే దారులు లెక్కపెట్టడం మొదలుపెడితేనే అసలు చిక్కు. వేదికకు అటూ ఇటూ ప్రధాన బాక్సులు, పందిరి పొడవునా దూరాన్ని బట్టి రెండు మూడు వరసల డిలే బాక్సులు, ప్రముఖులు కూర్చునే చోట విడిగా చిన్నవి, అర్చకులకు ఒక మానిటర్, మేళానికి ఒకటి, గాయకులకు రెండు, టీవీ ప్రసారానికి విడి మిక్స్, రికార్డింగ్‌కు మరొకటి, రోడ్డు పొడవునా కట్టిన హార్న్‌లకు మాటలు మాత్రమే ఉండే ఇంకొకటి. వీటిలో ఏ రెండింటికీ ఒకే శబ్దం సరిపోదు. అందుకే ఇలాంటి పనికి మిక్సర్లను పోల్చేటప్పుడు లోపలికి వచ్చే ఛానళ్ల కంటే బయటికి పోయే బస్సులు (విడివిడి మిక్స్‌లు పోయే దారులు), మ్యాట్రిక్స్‌లు (ఆ మిక్స్‌లను మళ్లీ కలిపి పంపే దారులు) ఎన్ని ఉన్నాయో ముందు చూడాలి. ఆ తర్వాత కరెంటు పోయి వస్తే ఏమవుతుందో చూడాలి. ధ్వని నాణ్యత గురించిన వాదన మూడో వరసలోకి పోతుంది.

డిజిటల్ మిక్సర్‌లో జరిగేది క్లుప్తంగా ఇది. మైకు నుంచి వచ్చే సన్నటి విద్యుత్తును ప్రీయాంప్ పెంచుతుంది. కన్వర్టర్ దాన్ని సెకనుకు 48,000 సార్లో 96,000 సార్లో కొలిచి అంకెలుగా మారుస్తుంది. అక్కడి నుంచి ఈక్వలైజర్, కంప్రెసర్, గేట్, డిలే, రివర్బ్ అన్నీ లెక్కలే. చివర మళ్లీ కన్వర్టర్ ఆ అంకెలను విద్యుత్తుగా మార్చి యాంప్లిఫయర్‌కు పంపుతుంది. అనలాగ్ రోజుల్లో ఇదే పనికి మిక్సర్ పక్కన ర్యాకుల నిండా గ్రాఫిక్ ఈక్వలైజర్లు, కంప్రెసర్లు, ఎఫెక్ట్ యూనిట్లు ఉండేవి. వేదిక నుంచి మిక్సర్ దాకా చేతి మణికట్టంత లావు స్నేక్ కేబుల్ పరిచేవారు. ర్యాకులు పోయాయి, స్నేక్ స్థానంలో ఒక నెట్‌వర్క్ తీగ వచ్చింది. ఒక్క ఫేడర్ వరుస మీదే పొరలు పొరలుగా ఛానళ్లు మారుతున్నాయి.

వచ్చిన సౌకర్యంతోపాటు ఒక కొత్త జాగ్రత్త కూడా వచ్చింది. అనలాగ్ మిక్సర్ హద్దు దాటితే శబ్దం కాస్త బొంగురుపోయేది, చెవి సర్దుకునేది. అంకెల్లో హద్దు దాటితే సర్దుబాటు లేదు, చిట్లిపోతుంది. అందుకని మీటర్ మీద సున్నాకు పద్దెనిమిది డెసిబెల్ల కింద మామూలు స్థాయి ఉండేట్లు గెయిన్ పెట్టుకోవడం అలవాటైంది. మెల్లగా మంత్రం చెప్పే అర్చకుడికీ, అడుగు దూరంలో నాదస్వరం ఊదే విద్వాంసుడికీ మధ్య ఉన్న తేడా తెలిసినవారికి ఆ పద్దెనిమిది డెసిబెల్ల చోటు ఎందుకో చెప్పనక్కర్లేదు. 24 బిట్ల కన్వర్టర్‌కు పుస్తకాల్లో 144 డెసిబెల్ల పరిధి రాస్తారు. ఆచరణలో మంచి మిక్సర్లలో అది 110కి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పందిట్లో జనం చప్పుడుకు అదే చాలా ఎక్కువ.

ఈ యంత్రాలు లైవ్ సౌండ్‌లోకి ఒక్కసారిగా రాలేదు. యమహా 1987లో డీఎంపీ7 పేరుతో చిన్న డిజిటల్ మిక్సర్ తెచ్చింది. 1994లో ప్రోమిక్స్ 01, మరుసటి ఏడు 02ఆర్ వచ్చాయి. అవన్నీ ఎక్కువగా స్టూడియోల్లోకే పోయాయి. పెద్ద వేదికలకు కొత్త శతాబ్దం మొదట్లో యమహా పీఎం1డీ, 2002లో డిజికో డీ5 లైవ్, 2004లో పీఎం5డీ వచ్చాయి. 2005లో డిజిడిజైన్ సంస్థ తెచ్చిన వెన్యూ, స్టూడియోలో వాడే సాఫ్ట్‌వేర్ ఎఫెక్టులను వేదిక దాకా తీసుకొచ్చింది. యమహా ఎం7సీఎల్ వచ్చిందీ ఆ ఏడే. ఈ వరసలో దాన్నే మలుపుగా చెప్పుకోవాలి. మెనూల్లో వెతుక్కోనక్కర్లేకుండా, ఎంచుకున్న ఛానల్‌కు సంబంధించిన గుండీలన్నీ ఒకచోట, ఛానళ్లన్నీ కళ్లెదుట ఉండేట్లు దాన్ని కట్టారు. అనలాగ్‌కు అలవాటుపడ్డ చేతులు భయం లేకుండా దానిమీదికి పోయాయి. మరుసటి ఏడు వచ్చిన ఎల్ఎస్9 దాని తమ్ముడు.

ధర వైపు నుంచి మలుపు 2012లో వచ్చింది. అంతకు మూడేళ్ల ముందు మిక్సర్ల కంపెనీ మిడాస్‌ను కొన్న సంస్థే బెహ్రింగర్ పేరు మీద ఎక్స్32 తెచ్చింది. మిడాస్ రూపకల్పన చేసిన ముప్పై రెండు ప్రీయాంపులు, నలభై ఇన్‌పుట్ ఛానళ్లు, పదహారు మిక్స్ బస్సులు, ఆరు మ్యాట్రిక్స్‌లు, మోటారుతో కదిలే ఫేడర్లు, ఇవన్నీ మూడు వేల డాలర్ల దరిదాపుల్లో దొరకడం అప్పటిదాకా లేదు. అహూజా యాంప్లిఫయర్లు, హార్న్‌లతో మొదలుపెట్టిన మైక్‌సెట్ కుటుంబాల్లోని రెండో తరం నేరుగా డిజిటల్‌లోకి అడుగుపెట్టడానికి ఇలాంటి యంత్రాలే వీలు కల్పించాయి. మధ్యలో పెద్ద అనలాగ్ మిక్సర్ల దశ చాలామందికి రానేలేదు. ఇందులో లాభం ఎంతో నష్టమూ అంతే. గెయిన్ అంటే ఏమిటో, ఫేడర్‌కూ దానికీ తేడా ఏమిటో అనలాగ్ మిక్సర్ చేతికి నేర్పేది. తెర మీద బొమ్మలు అంత త్వరగా నేర్పవు.

ఇప్పుడు దొరికే వాటిని ఎలా చూడాలి? చిన్నవాటితో మొదలుపెడితే, ఫేడర్లే లేకుండా టాబ్లెట్ మీద నడిచే పెట్టెలు ఉన్నాయి. సౌండ్‌క్రాఫ్ట్ యూఐ24ఆర్, బెహ్రింగర్ ఎక్స్ఆర్18 ఆ జాతివి. గుడి లోపల ముప్పై రెండు స్తంభాల రంగమంటపంలో ఒక హరికథకో, నలుగురు కూర్చుని పాడే భజనకో ఇవి హాయిగా సరిపోతాయి. మూల పెట్టేసి, వినేవాళ్ల మధ్య కూర్చుని చెవితో విని సర్దవచ్చు. అదే యంత్రాన్ని కల్యాణం రాత్రికి నమ్ముకుంటే ప్రమాదం. వేలాది ఫోన్లు ఒక్కచోట చేరినప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి ఊపిరాడదు. తెర మీద వేలు జరుగుతుంది, శబ్దం జరగదు. టాబ్లెట్‌ను రెండో చేయిగా వాడుకోవడం మంచిదే. అదొక్కటే చేయి కాకూడదు.

మధ్య తరగతిలో పోటీ గట్టిగా ఉంది. ఎక్స్32, దాని అన్నలాంటి మిడాస్ ఎం32, యమహా టీఎఫ్, క్యూఎల్ శ్రేణులు, అలెన్ అండ్ హీత్ ఎస్‌క్యూ, 2019లో వచ్చిన బెహ్రింగర్ వింగ్ ఇందులోవి. ఎక్స్32, ఎం32 లోపల దాదాపు ఒకే నిర్మాణం. తేడా ప్రీయాంపుల్లో, ఫేడర్ల మన్నికలో, ఒంటి కట్టులో ఉంది. పందిట్లో కళ్లకు గంతలు కట్టి వినిపిస్తే రెంటికీ తేడా చెప్పగలిగేవాళ్లు అరుదు. ఎస్‌క్యూ 96 కిలోహెర్ట్జ్‌లో నడుస్తుంది. దాని ఆలస్యం ఒక మిల్లీసెకనులోపే. టీఎఫ్ కొత్తవాళ్లకు త్వరగా లొంగుతుంది, కానీ లోతుకు పోవాలనుకున్నవారికి చేతులు కట్టేసినట్టు ఉంటుంది. క్యూఎల్5లో అరవై నాలుగు మోనో ఛానళ్లు, ఎనిమిది స్టీరియో ఛానళ్లు, పదహారు మిక్స్‌లు, ఎనిమిది మ్యాట్రిక్స్‌లు ఉన్నాయి. వింగ్‌లో నలభై ఎనిమిది ఛానళ్లు, ఇరవై ఎనిమిది బస్సులు, అన్నీ స్టీరియోవే. ఒంటిమిట్ట లాంటి వేదిక లెక్క చూసుకుంటే ఎక్స్32 పదహారు బస్సులు, ఆరు మ్యాట్రిక్స్‌లతో ఒడ్డెక్కుతుంది. ఎఫెక్టులకూ బస్సులు పోతాయి గనక మిగులు ఉండదు. టీవీకి చివరి క్షణంలో ఇంకో మిక్స్ అడిగితే చేతులెత్తేయాలి.

పైస్థాయిలో యమహా సీఎల్5, అలెన్ అండ్ హీత్ అవాంటిస్, డీలైవ్, డిజికో ఎస్‌డీ, క్వాంటమ్ శ్రేణులు, అవిడ్ ఎస్6ఎల్ ఉన్నాయి. డీలైవ్‌లో నూట ఇరవై ఎనిమిది ఛానళ్లు, అరవై నాలుగు బస్సులు. వీటికి అదనంగా పోసే డబ్బు శబ్దానికి పోయేది కొంతే. రెండు పవర్ సప్లయ్‌లు, జంట నెట్‌వర్క్ తీగలు, కొన్నిటిలో జంట ప్రాసెసర్ ఇంజిన్లు, ఏ ఛానల్‌ను ఏ ఫేడర్ మీదికైనా తెచ్చుకునే స్వేచ్ఛ, వీటికే ఎక్కువ పోతుంది. లక్షల మంది ఇళ్లల్లో టీవీ ముందు కూర్చునే కార్యక్రమానికి ఆ ఖర్చు అనవసరమని అనలేం. పక్క ఊరి తిరునాళ్లకు మాత్రం అది డాబే.

96 కిలోహెర్ట్జ్ మీద జరిగే వాదన గురించి ఒక మాట. 48 కిలోహెర్ట్జ్ మిక్సర్ 20 కిలోహెర్ట్జ్ దాకా చెవికి అందేదంతా పట్టుకోగలదు. పైగా రాయలసీమ వేసవి గాలి పొడిగాలి. అందులో పై ఫ్రీక్వెన్సీలు దూరం పోయేకొద్దీ త్వరగా కరిగిపోతాయి. వంద మీటర్ల అవతల కూర్చున్న భక్తుడికి ఆ తేడా చేరదు. ఎక్కువ నమూనాల వేగంతో వచ్చే నిజమైన ప్రయోజనం ఆలస్యం తగ్గడం. మిక్సర్‌లో ఒక మిల్లీసెకను, నెట్‌వర్క్‌లో మరొకటి, డిజిటల్ వైర్‌లెస్ మైకులో రెండు మూడు, స్పీకర్ ప్రాసెసర్‌లో ఇంకొన్ని కలిసి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాడే గాయనికి తన గొంతే పరాయిగా తోచే దశకు చేరవచ్చు. అర్చకుడికి ఇబ్బంది లేదు, ఆయన మానిటర్‌ను మనిషి దూరంలో పెడతారు.

మిక్సర్‌లోని సౌకర్యాల్లో కల్యాణానికి అన్నిటికంటే పనికొచ్చేది ప్రకటనల్లో చివర ఎక్కడో ఉంటుంది. అది ఆటోమిక్స్. వేదికమీద తెరిచి ఉన్న మైకులు రెట్టింపయిన ప్రతిసారీ మైకు కూయడానికి మూడు డెసిబెల్లు దగ్గరవుతాం. ఒక మైకు చోట ఎనిమిది తెరిస్తే తొమ్మిది డెసిబెల్లు పోయినట్టే. మంత్రాలు ఎవరు ఎప్పుడు అందుకుంటారో ఆపరేటర్‌కు ముందే తెలియదు గనక అన్నీ తెరిచే ఉంచుతాడు. మొత్తం శబ్దం డొల్లగా, దూరంగా వినిపిస్తుంది. కాస్త పెంచితే కూత. డాన్ డుగన్ అనే అమెరికన్ ఇంజినీర్ 1970ల్లో దీనికి చక్కని విరుగుడు కనిపెట్టాడు. అన్ని మైకుల గెయిన్ మొత్తం ఎప్పుడూ ఒక్క మైకు గెయిన్‌కు సమానంగా ఉండేట్లు, మాట్లాడుతున్నవాడికి ఎక్కువ వాటా, ఊరుకున్నవాళ్లకు తక్కువ వాటా పంచడమే అది. యమహా సీఎల్, క్యూఎల్ మిక్సర్లలో డుగన్ పేరుతోనే ఇది ఉంది. ఎక్స్32లో తర్వాతి సాఫ్ట్‌వేర్‌తో ఎనిమిది ఛానళ్లకు వచ్చింది. అలెన్ అండ్ హీత్ కూడా తన పద్ధతిలో ఇస్తోంది. గేట్‌తో ఇదే పని చేయించాలని చూస్తే మంత్రం మొదటి అక్షరం తెగిపోతుంది. వేదంలో అక్షరం తెగితే పండితులు ఊరుకోరు, ఊరుకోనక్కర్లేదు కూడా.

ఆటోమిక్స్‌ను మోసం చేసే శబ్దం ఒకటుంది, డోలు. మేళం వేదికకు ఒక పక్కన కూర్చుంటే ఆ పక్క పండితుడి మైకులోకి డోలు దూరి, ఆయన నోరు మెదపకపోయినా వాటా మొత్తం ఆయన మైకుకే పోతుంది. పురోహితుడు సంకల్పం చెప్తుంటే ఆయన గొంతు సన్నగిల్లుతుంది. ఇలాంటప్పుడు మేళం పక్క మైకులకు తూకం తగ్గించుకోవాలి, 120 హెర్ట్జ్ కింద అంతా హైపాస్‌తో కోసేయాలి, మైకులను నోటికి జానెడు దూరానికి తేవాలి. మూడో పనే అన్నిటికంటే ఫలితం ఇస్తుంది, దానికి మిక్సర్‌తో సంబంధం లేదు. తలపాగా, పూలదండలు, ఉత్తరీయం సద్దు చేయని చోట చెవికి తగిలించే మైకు పెట్టడానికి అర్చకులను ఒప్పించగలిగితే సగం సమస్యలు పుట్టకముందే పోతాయి.

నాదస్వరానికి మైకును గంట మూతికి ఎదురుగా పెట్టడం మామూలుగా జరిగే పొరపాటు. ఆ వాద్యం శబ్దం మూతి నుంచే కాదు, రంధ్రాల నుంచీ వస్తుంది. అడుగున్నర దూరంలో, కాస్త పైనుంచి పెడితే గమకం నిండుగా వినిపిస్తుంది. 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య నాలుగైదు డెసిబెల్లు తగ్గిస్తే ముందు వరసలవాళ్లు చెవులు మూసుకోనక్కర్లేదు. డోలుకు రెండు మైకులు కావాలి. కర్రతో కొట్టే వైపూ, వేళ్లకు తొడుగులు వేసుకుని వాయించే వైపూ ఒకే ఈక్వలైజర్ కింద ఇమడవు.

అసలు పరీక్ష మాంగల్యధారణ వేళ వస్తుంది. పురోహితుడు చెయ్యెత్తి గట్టిమేళం అంటాడు. మరుక్షణంలో నాదస్వరాలు, డోళ్లు, తాళాలు పూర్తి బలంతో లేస్తాయి. జనం కేకలు వాటికి తోడవుతాయి. వ్యాఖ్యాత ఉద్వేగంగా గొంతు పెంచుతాడు. మంత్రం మాత్రం అదే స్థాయిలో సాగుతుంటుంది. ఆ క్షణంలో ముప్పై ఫేడర్ల మీద చేయి పోదు. మేళమంతా ఒక డీసీఏ (పలు ఛానళ్లను కలిపి కదిపే ఒకే ఫేడర్) కింద, అర్చకులు, పండితులు ఇంకో డీసీఏ కింద, వ్యాఖ్యాతలు మూడో డీసీఏ కింద ముందే కట్టుకుని ఉంటే మూడు వేళ్లతో పని అయిపోతుంది. వ్యాఖ్యాత గొంతు లేచినప్పుడు మేళం తనంతట తాను నాలుగు డెసిబెల్లు దిగేట్లు కంప్రెసర్‌కు సైడ్‌చెయిన్ ఇవ్వవచ్చు. టీవీ మిక్స్‌లో ఇది బాగుంటుంది. పందిట్లో అలా దిగితే మేళగాళ్ల ముఖాలు మారతాయి. తాళి కట్టేటప్పుడు మేళమే పెద్దది, మాట కాదు.

సీన్ మెమరీని డిజిటల్ మిక్సర్ల గొప్పగా చెప్తారు. ఒక్క నొక్కుతో ఫేడర్లన్నీ కొత్త చోట్లకు జరగడం చూడముచ్చటే. నాటకానికి అది వరం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సమాజాల ప్రదర్శనల్లో రంగం వెంట రంగం క్షణాల్లో మారుతుంది. ఏ పాత్ర ఎప్పుడు వస్తుందో ముందే రాసి ఉంటుంది. అక్కడ సీన్ల జాబితా చక్కగా సాగుతుంది. కల్యాణం అలా సాగదు. పట్టువస్త్రాల సమర్పణ ఆలస్యమైతే కీర్తన ఇంకొకటి పాడిస్తారు, ముహూర్తం దగ్గరపడితే ఒక ఘట్టం కుదించేస్తారు. తప్పు వేళ సీన్ పిలిస్తే, అప్పటిదాకా చేత్తో దిద్దుకున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. కాబట్టి ఇక్కడ సీన్లు రెండు మూడు చాలు. మొదటి స్థితికి ఒకటి, అందరి మైకులూ మూసి పీఠాధిపతి ప్రసంగానికి ఒకటి, సాంస్కృతిక కార్యక్రమానికి ఒకటి. గెయిన్, అవుట్‌పుట్‌లు ఏ సీన్ వల్లా కదలకుండా రీకాల్ సేఫ్ పెట్టుకోవాలి. మిగతాదంతా డీసీఏలు, మ్యూట్ గ్రూపులు చూసుకుంటాయి.

డిలే బాక్సుల లెక్క వేరే. శబ్దం గాలిలో పోయే వేగం వేడిని బట్టి మారుతుంది. 38 డిగ్రీల్లో అది సెకనుకు దాదాపు 354 మీటర్లు, 26 డిగ్రీల్లో 347. వేదికకు 50 మీటర్ల దూరంలో ఉన్న బాక్సుకు మధ్యాహ్నం కొలిస్తే 141 మిల్లీసెకన్ల ఆలస్యం కావాలి, రాత్రికి 144. వంద మీటర్ల దూరానికి తేడా ఆరు మిల్లీసెకన్లు అవుతుంది. మాటకు ఇది పట్టించుకోదగ్గది కాదు. ఎందుకంటే లెక్కకు వచ్చినదానికి పది, పదిహేను మిల్లీసెకన్లు కావాలనే కలుపుతారు. అప్పుడు చెవి ముందుగా చేరిన వేదిక శబ్దాన్నే మూలంగా తీసుకుంటుంది, పక్కనున్న బాక్సు గొంతు పెంచినట్టు ఉంటుందే తప్ప అక్కడినుంచి వస్తున్నట్టు తోచదు. ఎక్స్32 ప్రతి అవుట్‌పుట్‌కూ 500 మిల్లీసెకన్ల దాకా డిలే ఇస్తుంది. నూట డెబ్భై మీటర్లకు అది సరిపోతుంది. చిన్న మిక్సర్లు కొన్ని అంత దూరం రాలేవు. పందిరి పొడవు తెలుసుకోకుండా మిక్సర్ ఒప్పుకుంటే వెనక వరసలకు ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది.

సౌండ్ చెక్‌కు మేళంవాళ్లు దొరకరు. ఉదయం నుంచి వాహనసేవల్లో, గుడిలో వారి పని వారికుంటుంది. ఇక్కడ వర్చువల్ సౌండ్‌చెక్ ఆదుకుంటుంది. ముందు రోజు సేవలో ప్రతి మైకునూ విడివిడిగా రికార్డు చేసుకుని, ఖాళీ పందిట్లో ఆ ట్రాకులనే మిక్సర్ ఇన్‌పుట్‌లకు తిప్పి వినిపించి అన్నీ సర్దుకోవచ్చు. ఎక్స్32లో యూఎస్‌బీ కార్డు మీదుగా ముప్పై రెండు ట్రాకులు అటూ ఇటూ పోతాయి. పెద్ద మిక్సర్లలో డాంటే అనే నెట్‌వర్క్ పద్ధతి ద్వారా కంప్యూటర్‌లోకి ఇంకా ఎక్కువ పోతాయి. ఖాళీ పందిరికీ, జనం నిండిన పందిరికీ శబ్దంలో ఉండే తేడాను మాత్రం ఏ రికార్డూ చెప్పదు. జనం నిండాక మొదటి పది నిమిషాలు చెవినే నమ్ముకోవాలి.

టీవీవాళ్లకు ప్రధాన మిక్స్‌నే పంచి ఇవ్వడం సులువు, తప్పు కూడా. పందిట్లో డోలు బాక్సుల్లో అవసరమే లేనంత గట్టిగా నేరుగా వినిపిస్తుంది. అందుకని మిక్స్‌లో దాన్ని తక్కువ పెడతారు. అదే మిక్స్ ఇంట్లో వింటే మేళం ఎక్కడో పక్క వీధిలో ఉన్నట్టుంటుంది. ప్రసారానికి విడి బస్సు, ఫేడర్‌కు ముందు నుంచి తీసిన స్థాయిలు, జనం సందడికి రెండు మైకులు ఇస్తే తీరిపోతుంది. ఇంకా మంచిది ఏమిటంటే, వేదిక మీద మైకు తీగలన్నీ చేరే స్టేజ్ బాక్స్ నుంచే సంకేతాన్ని చీల్చి ప్రసారంవాళ్ల మిక్సర్‌కు ఇవ్వడం. రెండు మిక్సర్లు ఒకే ప్రీయాంప్ పంచుకునేటప్పుడు గెయిన్ ఎవరి చేతిలో ఉండాలో ముందే తేల్చుకోవాలి. యమహా సీఎల్, క్యూఎల్‌లలో గెయిన్ కాంపెన్సేషన్ ఉంది గనక ఒకరు మార్చినా రెండోవారికి స్థాయి మారదు. అనలాగ్ తీగతో ఇచ్చేట్లయితే మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టకపోతే ప్రసార వాహనం జనరేటర్, పందిరి జనరేటర్ కలిసి హమ్ పుట్టిస్తాయి.

వేదిక, మిక్సర్ల మధ్య తీగ గురించి మైక్‌సెట్‌వాళ్లు పట్టించుకునేది తక్కువ. ఎక్స్32, ఎం32 వాడే ఏఈఎస్50 తీగ మీద నలభై ఎనిమిది ఛానళ్లు అటూ ఇటూ పోతాయి. రాగి తీగకు హద్దు సుమారు నూరు మీటర్లు. దీనికి షీల్డ్ ఉన్న క్యాట్5ఈ కేబుల్, రెండు చివరలా లోహపు ఈథర్‌కాన్ కనెక్టర్లు తప్పనిసరి. పొడిగాలిలో ప్లాస్టిక్ తివాచీల మీద నడిచే కాళ్లు స్థిరవిద్యుత్తును పోగుచేస్తాయి. కంప్యూటర్ దుకాణంలో కొన్న షీల్డ్ లేని తీగ మీద అది దూకితే శబ్దం టప్‌మని తెగి మళ్లీ వస్తుంది. కారణం దొరక్క ఆపరేటర్ మైకులన్నీ మార్చుకుంటూ కూర్చుంటాడు. ఆస్ట్రేలియాలో 2006లో మొదలైన ఆడినేట్ సంస్థ డాంటే మామూలు నెట్‌వర్క్ స్విచ్‌ల మీదే నడుస్తుంది. ప్రైమరీ, సెకండరీ అని రెండు తీగలు వేసుకోవచ్చు. ఆ రెండింటినీ ఒకే గొట్టంలో పరిస్తే ఒకే ట్రాక్టరు రెంటినీ తొక్కుతుంది. దారులు వేరుగా ఉండాలి.

చైత్రంలో కడప జిల్లా పగటి వేడి నలభై డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. యమహా తన పెద్ద మిక్సర్లకు నలభై డిగ్రీల హద్దు రాసిపెట్టింది. రేకు కప్పు కింద, నల్లటి ఒంటి మీద ఎండ పడే చోట మిక్సర్ పెడితే మధ్యాహ్నం రెండింటికే ఆ హద్దు దాటుతుంది. తెర కూడా కనిపించదు. ఫ్యాన్ల జాలీలకు దుమ్ము పట్టకుండా చూడాలి, సాయంత్రం దాకా తెల్లటి గుడ్డ కప్పి నీడలో ఉంచాలి. 2018 మార్చి 30న కల్యాణం రోజున ఒంటిమిట్టలో ఒక్కసారిగా గాలివాన, వడగళ్లు పడి పందిళ్లు కూలాయి, ప్రాణనష్టం జరిగింది. ఎండాకాలపు ఉత్సవమైనా బాక్సుల టవర్లను గాలికి నిలిచేట్లు లాగి కట్టడం, మిక్సర్ మీద టార్పాలిన్ సిద్ధంగా ఉంచడం, గాలి లేస్తే బాక్సులను కిందికి దించే అధికారం ఎవరిదో ముందే చెప్పి పెట్టడం ఆ అనుభవం నేర్పిన పనులు.

కరెంటు ఇంకో తిప్పలు. అనలాగ్ మిక్సర్ కరెంటు వచ్చిన క్షణంలో పలికేది. డిజిటల్ మిక్సర్ ముందు మేలుకోవాలి. కొన్నిటికి కొన్ని సెకన్లు చాలు, లోపల పూర్తి కంప్యూటర్ ఉన్నవాటికి నిమిషం దాటుతుంది. లైన్ నుంచి జనరేటర్‌కు మారే రెండు సెకన్ల ఖాళీ నిమిషం మౌనమవుతుంది. మిక్సర్‌కూ, స్టేజ్ బాక్స్‌కూ, నెట్‌వర్క్ స్విచ్‌కూ విడివిడిగా ఆన్‌లైన్ యూపీఎస్ ఉండాలి. మిక్సర్ ఒక్కదానికి పెట్టి స్టేజ్ బాక్స్‌ను మరిచిపోవడం తరచూ జరుగుతుంది. ఆ పూట మిక్సర్ వెలుగుతూనే ఉంటుంది, మైకులు పలకవు. వ్యాఖ్యాత మైకునూ, పురోహితుడి మైకునూ ఒక చిన్న అనలాగ్ మిక్సర్ ద్వారా నేరుగా ప్రధాన యాంప్లిఫయర్లకు పోయే దారి ఒకటి పక్కన సిద్ధంగా ఉంచుకుంటే ఖర్చు పెద్దగా ఉండదు.

అద్దె మార్కెట్ సంగతి చివరికి ఎంపికను శాసిస్తుంది. కడప, తిరుపతిలో తేలిగ్గా దొరికేదొకటి, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ నుంచి లారీలో రావలసిందొకటి. పెద్ద గాయకుల బృందాలు ఏ మిక్సర్ కావాలో రైడర్‌లో రాసి పంపుతాయి. వారితో వచ్చే ఇంజినీర్ పెన్‌డ్రైవ్‌లో తన ఫైల్ తెచ్చుకుంటాడు. ఒక కంపెనీ ఫైల్ ఇంకో కంపెనీ మిక్సర్‌లో తెరుచుకోదు. అలాంటి బృందం లేనప్పుడు, తెలియని ఖరీదైన మిక్సర్ కంటే చేతికి అలవాటైన మామూలు మిక్సరే మేలు. ఎక్స్32, ఎం32, యమహా, అలెన్ అండ్ హీత్ మిక్సర్లకు కంప్యూటర్‌లో నడిచే ఎడిటర్లు ఉచితంగా దొరుకుతాయి. ఛానళ్ల పేర్లు, రంగులు, డీసీఏలు, రూటింగ్ ఇంట్లోనే కూర్చుని సిద్ధం చేసుకోవచ్చు. రూటింగ్‌ను పందిట్లో, జనం చూస్తుండగా మొదటిసారి తెరిచేవాడికి ఆ సాయంత్రం చాలా పొడుగ్గా ఉంటుంది. తెలుగులో పేర్లు రాసుకునే వీలు ఈ యంత్రాల తెరల మీద దొరకదు. అందుకే ఫేడర్ల కింద తెల్ల టేపు అంటించి స్కెచ్ పెన్నుతో పురోహితుడు, డోలు 1, డోలు 2 అని రాసుకునే పాత అలవాటు ఇంకా పోలేదు.

శబ్దం ఎంత ఉండాలన్నది చట్టం కూడా చెప్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. మత, సాంస్కృతిక ఉత్సవాలకు ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా రాత్రి పన్నెండు దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. చతుర్దశి రాత్రి కల్యాణానికి దీనికి తోడు ప్రకృతి నియమం ఒకటుంది. పగలంతా కాగిన నేల రాత్రికి త్వరగా చల్లబడుతుంది. నేలకు దగ్గరి గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉన్నప్పుడు శబ్దం పైకి పోకుండా నేలవైపు వంగుతుంది. మధ్యాహ్నం చెక్ చేసినప్పుడు రోడ్డు దాకా కూడా వినపడని బాక్సులు రాత్రి తొమ్మిదికి పక్క పల్లెల్లో వినిపిస్తాయి. ప్రతి డిలే వరసకూ, హార్న్‌ల లైనుకూ అవుట్‌పుట్‌లో లిమిటర్ పెట్టి, వెనక వరసలను చల్లబడేకొద్దీ రెండు మూడు డెసిబెల్లు తగ్గించుకుంటూ రావాలి. మ్యాట్రిక్స్‌లు విడివిడిగా ఉన్న మిక్సర్‌లో ఆ పని ఒక్కో ఫేడర్‌తో అవుతుంది. అన్ని బాక్సులూ ఒకే స్టీరియో అవుట్‌పుట్ మీద కట్టిన చోట ముందువాళ్లకు తగ్గించకుండా వెనక తగ్గించడం కుదరదు.